ఆమె శ్రుతి చేసుకుంటోంది

మా హాల్లో ఒక ఆయిల్ పెయింటింగ్ ఉంది. రవివర్మ పద్ధతిలో ఈ కాలపు చిత్రకారుడెవరో వేసింది. ఎర్రంచు తెల్లచీర కట్టిన అమ్మాయి, ఒళ్ళో వీణ, తల కాస్త పక్కకు వంచి ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళలో సగంమంది "సరస్వతీదేవా అండీ?" అంటారు. కాస్త సాహిత్యం చదివినవాళ్ళయితే "పాపం, ఎవరికోసమో ఎదురుచూస్తోంది" అంటారు. నేనూ చాన్నాళ్ళు అది విరహమనే అనుకున్నాను.

ఆన్‌లైన్‌లో వీణ నేర్చుకుంటున్న మా అమ్మాయి ఒకరోజు తేల్చిపారేసింది. "విరహం లేదు, గిరహం లేదు నాన్నా. శ్రుతి చేసుకుంటోంది. ఎడమచెయ్యి చూడు."

నిజమే. ఎడమచెయ్యి వాయించేటప్పుడు నొక్కే మెట్ల మీద లేదు, తీగను బిగించే బిరడ మీద ఉంది. కుడిచేతి వేలు ఒక్క తీగనే మీటుతోంది. తల వంచింది దిగులుతో కాదు, వినడానికి.

మనకు ఇది తట్టకపోవడానికి కారణం ఉంది. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టాక ఆయన దేవతలు అచ్చుబొమ్మలై ఇల్లిల్లూ చేరారు. ఆయన సరస్వతికి రెండు చేతుల్లో వీణ, మిగతా రెండింట్లో జపమాల, తాళపత్రాలు. అంతటి ఆవిడ బిరడలు తిప్పుకుంటుందని ఎవరికి తోస్తుంది? దేవత కాదంటే కావ్యాల్లోని ప్రేయసులైన అష్టవిధ నాయికల్లో ఒకతెను చేసేస్తాం. ప్రియుడు రాలేదని పరితపించే విరహోత్కంఠిత, అలంకరించుకుని ఎదురుచూసే వాసకసజ్జిక, ఇలా ఎనిమిదిమందికీ లెక్క నాయకుడితోనే. వాద్యంతో లెక్క ఉన్న నాయిక ఒక్కతీ లేదు!

రవివర్మే 1889లో 11 మంది స్త్రీలతో ఒక పెద్ద పటం వేశాడు. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉంటుంది. అందరూ సంగీతకారిణులని 'గెలాక్సీ ఆఫ్ మ్యుజీషియన్స్' అన్న దాని పేరే చెబుతుంది. మనం మాట్లాడుకునేది మాత్రం ఎవరిది ఏ ప్రాంతపు కట్టు అనే. ఇందులో ఆయన వాటా కూడా ఉందనుకోండి, తీగల కంటే జరీ మీదే మక్కువ ఎక్కువ ఆయనకు.

ఇప్పుడు నేను ఏ బొమ్మలోనైనా ముందు చేతులే చూస్తాను. వీణకు 24 మెట్లు. ఎడమచెయ్యి గుండ్రటి కుండ వైపు దిగిందంటే తారస్థాయి, అంటే పై స్వరాలు; అవతలి చివర చెక్కిన యాళి తల వైపు ఉంటే మంద్రం, కింది స్వరాలు. ముఖం సంగతి తర్వాత.

మొన్న మా అమ్మాయి మళ్ళీ ఆ పటం ముందు నిలబడి తన ఎడమచేతి రెండు వేళ్ళు చూపించింది. తీగ ఒరిసి ఒరిసి నల్లటి గాట్లు. వాటిని బొమ్మలోని నున్నటి వేళ్ళ పక్కన పెట్టి అడిగింది: "ఈవిడకేవి నాన్నా?"