ఖాళీ డబ్బాకు జేజేలు

అంతర్జాతీయ విమానాల్లో దోమల నివారణను ఎగతాళి చేసేవాళ్లకు శాస్త్రం తెలియదు. విమానం లోపల సిబ్బంది కొట్టే స్ప్రే డబ్బాలో ఉండేది 2 శాతం డి-ఫెనోత్రిన్ అనే దోమల మందు. 100 ఘనపు మీటర్ల గాలికి 35 గ్రాములు పడాలి, సెకనుకు ఒక గ్రాము చొప్పున. సిబ్బంది సాంబ్రాణి వేసినంత భక్తిగా చేతులు పైకెత్తి, సెకనుకు ఒక వరుస దాటుతూ నడుస్తారు. జనం ముక్కులకు చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకుంటారు. దిగాక ఖాళీ డబ్బాలను ఆరోగ్యాధికారి పరిశీలిస్తారు. డబ్బా ఖాళీ, దేశం భద్రం!

అదే విమానంలో 14సీలో ఒకాయన కూర్చున్నాడు. డెంగీ దోమ కుట్టి మూడు రోజులైంది, జ్వరం ఇంకా రాలేదు. వచ్చేందుకు 4 నుంచి 10 రోజులు పడుతుంది, విమానమేమో ఒక రోజులోపే దిగిపోతుంది. ఒంటి వేడి కొలిచే కెమెరా ముందు నవ్వుతూ నడిచి వెళ్తాడు. ఆయన్ని ఏ డబ్బాతో కొడతారు?

స్ప్రే దండగ అనడం లేదు. ఆఫ్రికా మొహం చూడని వాళ్లకు యూరప్ విమానాశ్రయాల దగ్గర మలేరియా వచ్చింది, ఎందుకంటే దోమే విమానమెక్కింది. కానీ డెంగీ, చికున్‌గున్యా ఎక్కువగా ప్రయాణించేది మనిషి నెత్తురులో. 2007లో కేరళ నుంచి వెళ్లిన ఒకే ఒక్క మనిషితో ఇటలీలో రావెన్నా దగ్గరి పల్లెల్లో 200 మందికి పైగా చికున్‌గున్యా వచ్చింది. ఆ జబ్బును మోసే, అక్కడ కాచుకుని ఉన్న టైగర్ దోమ ఎప్పుడో పాత టైర్లలో ఓడెక్కి దిగింది. టైర్లకు స్ప్రే కొట్టినవాళ్లు లేరు.

మరి మన సంగతి? విమానాశ్రయం చుట్టూ కనీసం 400 మీటర్ల మేర దోమల్ని అదుపు చేయాలని అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు చెబుతాయి. 401వ మీటరు నుంచి దోమదే రాజ్యం. ఫాగింగ్ బండి వీధిలోకి వస్తుంది, పొగ ఫొటోలో బాగా పడుతుంది. ఆ పొగకు చచ్చేది ఎగిరే దోమ, అదీ తగిలితేనే. నీళ్లలోని లార్వాకు, అంటే దోమపిల్లకు, ఏమీ కాదు. డెంగీ దోమ గుడ్డు ఎండిపోయినా నెలల తరబడి బతికి, వాన పడగానే పొదుగుతుంది. వారం, పది రోజుల్లో కొత్త దోమ.

కట్టి వదిలేసిన అపార్టుమెంటు లిఫ్టు గుంతలో మోకాలిలోతు నీళ్లున్నాయి సార్. తోడించడానికి ఒక మోటారు చాలు, లేదా లార్వాను చంపే టెమెఫాస్ మందు కాస్త చాలు. బిల్డరుకు నోటీసు ఇవ్వడానికి చెయ్యి రాదు, పిల్లలకు ప్లేట్‌లెట్లు పడిపోయాక ఆసుపత్రి ముందు క్యూ కట్టించడానికి మాత్రం సిగ్గులేదు!