ఉప్పు సరస్సులకు షోకాజ్ నోటీసు

మనిషి నాగరికత ఎంత ఎత్తుకు ఎదిగిందో చూడాలంటే ఉప్పు సరస్సు ఒడ్డుకు వెళ్లాలి. బాగా చదువుకున్నవారు, పెద్ద హోదాల్లో ఉన్నవారు, ఇంట్లో గచ్చు మీద తడి పాదం ముద్ర పడితే గంటసేపు గొణిగేవారు అక్కడ ఒంటికి మంచిదని ముఖంతో సహా ఒళ్లంతా నల్లటి బురద పూసుకుని, చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని, ఎండకేసి నిలబడి ఉంటారు. ఒకరినొకరు చూసుకుని నవ్వరు. నవ్వితే ముఖం మీద ఆరిన పొర పగులుతుంది. ఇంతటి నిగ్రహం ధ్యాన మందిరాల్లోనూ అరుదు.

ఇది మామూలు బురద కాదని ముందే ఒప్పుకోవాలి, లేకపోతే పూసుకున్నవారు నొచ్చుకుంటారు. ఇది ఖనిజ బురద. దీని నలుపు ఐరన్ సల్ఫైడ్ ఇచ్చినది. గాలి తగిలి ఆరేకొద్దీ బూడిద రంగుకు తిరుగుతుంది. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అదే వాసన వంటింట్లో వస్తే కిటికీలన్నీ తెరుస్తాం. ఇక్కడ వస్తే గుండెల నిండా పీల్చి, అసలైన సరుకేనని తృప్తిపడతాం. రుమేనియాలోని టెకిర్గియోల్ సరస్సు బురదకైతే వంశచరిత్ర కూడా ఉంది. ఆర్టీమియా అనే చిన్నపాటి ఉప్పునీటి రొయ్యలు, నాచు చచ్చి అడుగుకు చేరి, ప్రాణవాయువు అందక ఏళ్ల తరబడి కుళ్లితే ఆ లేపనం తయారైంది. ఎన్ని తరాల రొయ్యలు ప్రాణత్యాగం చేస్తే ఒక మోకాలికి పట్టు వేయగలుగుతున్నామో ఆ మోకాలు ఒక్కసారైనా ఆలోచించిందా?

కీళ్ల నొప్పులకు, సోరియాసిస్‌కు ఈ స్నానాలు కొంత ఉపశమనం ఇస్తాయని చెప్పే వైద్య అధ్యయనాలు ఉన్నాయి. బురద వేడిని నెమ్మదిగా వదులుతుంది, అది నిజమే. వచ్చిన చిక్కల్లా పరీక్ష పెట్టడంలోనే. మందుల ప్రయోగాల్లో అసలు మాత్ర ఎవరికి దక్కిందో, ఉత్త మాత్ర ఎవరికి దక్కిందో రోగికి తెలియనివ్వరు. మరి మనిషికి నిలువెల్లా బురద పూసి ఆ సంగతి అతనికి తెలియకుండా దాచేదెలా? అందుకని కొందరు పరిశోధకులు ఖనిజాలు తగ్గించిన బురదను పోటీకి నిలిపారు. ఉత్తుత్తి బురద అన్నమాట. శాస్త్రం అంత దూరం వెళ్లింది.

పూత ఆరాక నీటిలోకి దిగాలి. మృత సముద్రం నీటిలో ఉప్పు దాదాపు 34 శాతం, మహాసముద్రాల కంటే సుమారు పది రెట్లు. మునుగుదామన్నా మునగలేం, వెల్లకిలా తేలుతూ పత్రిక చదువుకోవచ్చు. బోర్లా పడితే మాత్రం తిరగబడటం కష్టం, అలా ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఆ ఉదయమే గడ్డం గీసుకుని వచ్చినవారు ఎవరో కనుక్కోవడానికి పెద్ద శ్రమ అక్కరలేదు, కేక వినిపించిన వైపు చూస్తే చాలు.

ఇంత సేవ చేస్తున్న సరస్సులను తప్పుపట్టడానికి మనసు రావడం లేదు. కానీ వాటికి నిలకడ లేదు. ఇజ్రాయెల్‌లోని ఎన్ గెడి దగ్గర 1980లలో స్నానశాల తెరిచినప్పుడు మృత సముద్రం దాని గడప దాకా ఉండేది. తర్వాత ఒక్క మాటైనా చెప్పకుండా వెనక్కి జరగడం మొదలుపెట్టింది. చివరికి అతిథులను ట్రాక్టరు లాగే బండిలో ఎక్కించి కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న నీటి దగ్గరికి చేర్చాల్సి వచ్చింది. నీటిమట్టం ఏటా దాదాపు మీటరు చొప్పున పడిపోతోంది. తీరం వెంట నేల కుంగి వేలాది గుంతలు పడ్డాయి. ఇరాన్‌లోని ఉర్మియా సరస్సు మరీ బాధ్యతారహితంగా ప్రవర్తించింది. నల్ల బురద కోసం జనం వరుసకట్టిన ఆ సరస్సు 1990ల నుంచి కుంచించుకుపోతూ, ఓడలను ఉప్పు నేల మీద తుప్పు పట్టేలా వదిలేసింది.

సరస్సుల తరఫున వకాల్తా పుచ్చుకునేవారు ఉండనే ఉన్నారు. మృత సముద్రంలో కలిసే జోర్డాన్ నది నీళ్లను పైనే మళ్లించుకున్నారట. పొటాష్ కోసం మృత సముద్రం నీటినే మడుల్లోకి తోడి ఎండబెడుతున్నారట. ఉర్మియాకు వచ్చే నదుల మీద ఆనకట్టలు కట్టారట, చుట్టూ సాగు కోసం బావులు తవ్వారట. అయితే ఏమిటి? నది ఒక శాఖ, పొటాష్ ఒక శాఖ, సాగు ఇంకో శాఖ. బురద మాత్రం పర్యాటక శాఖది. ఇతర శాఖల వ్యవహారాలను సాకుగా చూపి సరస్సు తన విధులకు గైర్హాజరు కావడం ఏ సర్వీసు నిబంధనల ప్రకారమూ చెల్లదు.

కాబట్టి వెంటనే షోకాజ్ నోటీసు జారీ చేయాలి. అనుమతి లేకుండా స్థానం మారినందుకు సంజాయిషీ అడగాలి. అతిథుల ట్రాక్టరు ఖర్చును బకాయిగా చూపాలి. ఒక సాంకేతిక సమస్య మాత్రం మిగిలింది. నోటీసును ప్రతివాది చిరునామాలో, అంటే ఒడ్డున అంటించాలి. ఆ ఒడ్డు నిరుటిదా, ఈ ఏడాదిదా అన్నది తేల్చి చెప్పవలసిందిగా న్యాయ శాఖను కోరుతున్నాను.