‘మన నేలవి కావు’ అంటున్న ఆ మెసేజ్‌కి జవాబు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. శ్రీకాకుళంలో ఉంటూ సొంత ఖర్చుతో నవలలు వేసుకుంటున్న ఒక రచయిత్రి గురించి. ఆవిడ రాసేవి ప్రేమ నవలలు. ప్రేమించుకున్న ఇద్దరూ వేర్వేరు జాతులవాళ్ళు. ఒక నవలలో పలాస అమ్మాయి, కెన్యా అబ్బాయి. ఇంకోదాంట్లో కవిటి నుంచి సింగపూర్ వెళ్ళిన వెల్డరు, ఫిలిప్పీన్స్ నర్సు. మెసేజ్ సారాంశం ఇదీ: ‘ఇవి అమెరికా నుంచి తెచ్చుకున్న కథలు, మన నేలవి కావు. పబ్లిషర్లు వద్దన్నవాటిని సొంతంగా అచ్చేసుకుంటోంది. ఎవరూ కొనక ఫ్రీగా పంచుతోంది. పెళ్ళీడు ఆడపిల్లలు ఇవి చదివితే పాడైపోతారు.’ ఆ నవలలు ఇష్టంగా చదివినదాన్ని కాబట్టి ఒక్కో మాటకీ జవాబు చెప్పాలనిపించింది.

‘మన నేలవి కావు’ అన్నది ముందు చూద్దాం. మన తాతల కాలంలో ఊరికి నలుగురైనా ‘రంగం’ వెళ్ళేవారు. రంగం అంటే రంగూన్. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో ఓడెక్కి వెళ్ళి అక్కడ బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులు చరిత్రకెక్కాయి. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చినవాళ్ళున్నారు. ఆ వెళ్ళినవాళ్ళలో బర్మా ఆడవాళ్ళను పెళ్ళాడి కాపురాలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ కాపురాల గురించి మనం పెద్దగా రాసుకోలేదు. రాయనంత మాత్రాన లేనట్టు కాదు కదా. ఇవాళ శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం కుర్రాళ్ళు వెల్డర్లుగా, రిగ్గర్లుగా, ఓడల్లో పనివాళ్ళుగా ఎన్ని దేశాలు తిరుగుతున్నారో ఆ ఊళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. విజయనగరం నుంచి విశాఖ ఎంత దూరం? అక్కడి ఆంధ్రా యూనివర్సిటీలో ఆఫ్రికా దేశాల విద్యార్థులు చదువుకుంటున్నారు. ఇంతమంది ఇన్ని చోట్ల కలిసి పనిచేస్తూ, కలిసి చదువుకుంటుంటే ఒకరినొకరు ఇష్టపడరని ఎలా అనుకుంటాం?

కెన్యా అబ్బాయి నవలలో నాకు బాగా గుర్తుండిపోయిన ఘట్టం ఒకటుంది. అతను ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద పరిశోధనకి నీటి నమూనాలు తీసుకోవడానికి వస్తాడు. అమ్మాయి తల్లి అతనికి భోజనం పెట్టడానికి ఇష్టపడదు. ఇంటికొచ్చిన మనిషిని ఊరికే పంపలేక, గుమ్మం దగ్గరే గ్లాసుడు చోడంబలి, అంటే రాగి జావ, ఇస్తుంది. అతను ఒక గుక్క తాగి, ‘మా అమ్మమ్మ కూడా ఇదే కాస్తుందమ్మా, వేడిగా, కాస్త పంచదారేసి’ అంటాడు. తల్లి నమ్మదు. ‘మీకాడ సోళ్ళెక్కడివి బాబూ?’ అని అడుగుతుంది. నవల ఇక్కడ పాఠం చెప్పదు కానీ నేను చెబుతాను: చోళ్ళు పుట్టిందే తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల్లో. వేల ఏళ్ళ కిందట అక్కడినుంచి మన దేశానికి వచ్చాయి. కెన్యాలో ఇప్పటికీ ఆ పిండితో జావ కాస్తారు, దాన్ని ఉజి అంటారు. మన పొలాల్లో, మన అంబలి కుండలో ఇంతకాలంగా ఉన్న గింజ అక్కడిదైతే, అక్కడి మనిషి మన కథలోకి వస్తే తప్పేమిటి?

విజయనగరం మనుషులకి ఇంకో మాట కూడా గుర్తుచేయాలి. గురజాడ ‘లవణరాజు కల’లో రాజు మాలపిల్లని ప్రేమిస్తాడు. వందేళ్ళకు పైగా అయింది అది రాసి. హద్దులు దాటే ప్రేమ గురించి రాయడం ఈ ఊరికి కొత్త కాదు.

ఇక ‘అమెరికా సరుకు’ సంగతి. ఈ రకం నవలలకు అమెరికాలో పెద్ద పాఠకలోకం ఉన్న మాట నిజం. అయితే అది సరదాగా పుట్టిన ఫ్యాషన్ కాదు. 1967 జూన్‌లో ‘లవింగ్ వర్సెస్ వర్జీనియా’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికి ఇంకా 16 రాష్ట్రాల్లో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు పెళ్ళి చేసుకోవడం నేరం. దక్షిణాఫ్రికాలో 1949లో తెచ్చిన అలాంటి చట్టం 1985 దాకా ఉంది. జైలు భయంతో బతికిన జంటల తర్వాతి తరాలు తమ కథ తామే రాసుకున్నాయి. మన దగ్గర 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఇలాంటి పెళ్ళికి దారి ఇచ్చింది. చట్టం ఒప్పుకున్నదాన్ని మనం నవలలో కూడా ఒప్పుకోలేకపోతున్నాం.

‘పబ్లిషర్లు వద్దన్నవి’ అనే మాట అన్నిటికంటే బాధపెట్టింది. తెలుగులో కథల పుస్తకాలు, కవితా సంపుటాలు చాలావరకు రచయితలు సొంత డబ్బుతో వేసుకున్నవే. రచయితల ఇళ్ళలో మంచాల కింద అట్టపెట్టెలు చూడని సాహిత్యాభిమాని ఉండడు. అవన్నీ పనికిరానివని ఎవరూ అనలేదు. ప్రేమ నవల అనేసరికి, అందులోనూ ఆడమనిషి రాసిందనేసరికి, అదే పని తప్పయిపోయింది. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘాన్ని 1980లో మొదలుపెట్టినవాళ్ళలో వివియన్ స్టీఫెన్స్ అనే నల్లజాతి ఎడిటర్ ముఖ్యురాలు. అదే సంఘం 1982 నుంచి ఇస్తూ వచ్చిన అవార్డు నల్లజాతి రచయిత్రుల చేతికి అందడానికి 2019 దాకా పట్టింది. తలుపు తెరవనివాళ్ళ తీర్పు పట్టుకుని పుస్తకం విలువ కట్టలేం. ఇప్పుడు ఒక్క కాపీకి ఆర్డరొస్తే ఒక్క కాపీయే అచ్చువేసే పద్ధతి వచ్చింది. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఇంకొకరి అనుమతి కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

ఫ్రీగా పంచడం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మొదటి భాగం ఉచితంగా ఇచ్చి మిగతావి అమ్మడం, విడుదలకి ముందే కొందరు పాఠకులకి పంపి అభిప్రాయం అడగడం, సొంతంగా వేసుకునే రచయితలు ప్రపంచమంతా చేసే పని. పేరు లేని రచయితకి పాఠకులు దొరికే దారి అదే. డబ్బు తీసుకోకపోతే విలువ లేదంటే, కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో తెరిచిన కథల లైబ్రరీ కథానిలయాన్ని ఏమంటారు? ఇంకో సంగతి: ఆ మెసేజ్ వచ్చిన గ్రూపులోనే ఆవిడ అమ్ముకుంటున్న నవల పీడీఎఫ్ కూడా చూశాను. రచయిత తానుగా ఇవ్వడం వేరు, అడక్కుండా మనం పంచుకోవడం వేరు. రెండోది 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నేరం.

ఈ రకం నవలల్లో నాకు నచ్చనివి లేవని కాదు. కొన్నిట్లో నల్లజాతి హీరోకి ఒళ్ళు తప్ప బుర్ర ఉండదు. అతని రంగుని కాఫీతో, చాక్లెట్‌తో పోలుస్తూ పేజీలు నింపుతారు. అతనికి అమ్మ ఉండదు, ఊరు ఉండదు, భాష ఉండదు. అలాంటివాటిని విమర్శించండి, నేనూ గొంతు కలుపుతాను. కానీ ఆ మెసేజ్‌లో ఉన్నది విమర్శ కాదు. ‘నల్లోడితో’ అని రాశారు. ఎండల్లో జీడితోటల్లో, ఉప్పుమడుల్లో పనిచేసే మన మనుషుల రంగేమిటి? పెళ్ళిచూపుల్లో ‘పిల్ల చామనఛాయ’ అనిపించుకుని కట్నం పెరిగిన ఆడపిల్లలు ఎన్ని ఇళ్ళలో లేరు? ఆ మాట వాళ్ళకీ తగులుతుంది.

చివరిది, ఆడపిల్లలు పాడైపోవడం. ఆ కెన్యా అబ్బాయి నవలలో అమ్మాయి తండ్రి డయాలసిస్ మీద ఉంటాడు. పెళ్ళి మాట వచ్చినప్పుడు ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని సరే అనదు. నాన్నని పలాస ఆస్పత్రికి ఎవరు తీసుకెళతారు? నేను నైరోబీ రాలేను, నువ్వు ఇక్కడ ఉండగలవా? నా జీతం నా చేతిలో ఉంటుందా? నా పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది? మీ అమ్మకి నా గురించి చెప్పావా? ఇవన్నీ అడుగుతుంది. అతను కొన్నిటికి జవాబు చెప్పలేకపోతాడు. అప్పుడు ఆగుతుంది. విదేశీ సంబంధం అనగానే ఒక్క ప్రశ్న కూడా అడగనివ్వకుండా పదిరోజుల్లో పెళ్ళి చేసి పంపేసిన ఆడపిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. నా కూతురికి పెళ్ళీడు వచ్చింది. ఆ నవల తన చేతికి నేనే ఇచ్చాను.