ఒక్క సెంటీమీటరేగా?

పిల్లాడి బూట్లలో మడమ కింద మడిచిన అట్టముక్కలు రెండు. వాటిమీద మందపాటి మేజోళ్లు. నెత్తిన పైకి దువ్వి బిగించిన ముడి. థీమ్ పార్కులో ఎత్తు కొలిచే కర్రను బోల్తా కొట్టించడానికి తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకొంటున్న చిట్కాలివి. సెలవులు రాగానే ఫోన్లలో చక్కర్లు కొడతాయి. కింద 'మావాడికీ పనిచేసింది' అంటూ సాక్ష్యాలు, పగలబడి నవ్వే బొమ్మలు. దొంగ కొలతతో బిడ్డను రైడ్ ఎక్కించి, ఆ సంగతి గొప్పగా చెప్పుకోవడం ఒక ఎత్తు. గేటు దగ్గరి సిబ్బంది 'పోనీలే, సెంటీమీటరేగా' అని చూసీచూడనట్టు వదిలేయడం మరో ఎత్తు. రెండోది మాకు ఇంకా ఎక్కువ భయం పుట్టిస్తోంది.

గంటసేపు వరుసలో నిలబడ్డ పసివాణ్ని వెనక్కి పంపడం కఠినమే. సెంటీమీటరు తేడాతో ఒకణ్ని భద్రమనీ, ఇంకొకణ్ని ప్రమాదమనీ తేల్చడం మొండితనమే అనేవారి మాటలోనూ కొంత నిజముంది. కానీ గీత ఎక్కడ గీసినా దానికి సెంటీమీటరు కింద ఎవరో ఒక పిల్లాడు ఉండనే ఉంటాడు. 102 సెంటీమీటర్లు ఉండాల్సినచోట ఇవాళ 101కి సరేనంటే, రేపు 100 ఉన్న పిల్లాడి తండ్రి వచ్చి 'నిన్న వాళ్లను ఎక్కించారుగా' అంటాడు. అతనికి చెప్పడానికి గేటు దగ్గర ఎవరి దగ్గరా జవాబుండదు. సడలింపుకు అంతనేది లేదు.

ఆ అంకె పార్కు యజమాని తోచినట్టు రాయించింది కాదు. సీటు లోతు, ఒడిమీదికి దిగి బిగించే బార్ కోణం, మలుపుల్లో ఒంటిమీద పడే ఒత్తిడి లెక్కగట్టి తయారీదారు ఇచ్చేది. ఈ లెక్కలకు ప్రమాణాలున్నాయి. అమెరికాలో ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ వినోద రైడ్ల కోసమే ఎఫ్24 అనే సంఘాన్ని 1978లో ఏర్పాటు చేసింది. ఐరోపాలో ఈఎన్ 13814 అనే ప్రమాణం ఉంది. ఏఎస్‌టీఎం ప్రమాణం మనిషిని సీటులో పట్టి ఉంచే ఏర్పాట్లను ఐదు తరగతులుగా విడదీస్తుంది. మొదటి తరగతికి బిగింపే అక్కర్లేదు. ఐదోది, ఒక తాళం విఫలమైనా ఇంకొకటి పట్టి ఉంచేలా ఉండాల్సిన రైడ్లకు. రైడ్ ఎటు, ఎంత బలంగా విసురుతుందన్నదాన్ని బట్టి తరగతి మారుతుంది. ఎత్తు కేవలం ఉజ్జాయింపు గుర్తు. దాని చాటున చూస్తున్నది తొడ పొడవు, భుజాల వెడల్పు, చెప్పిన మాట విని కుదురుగా కూర్చునే వయసు.

సీటులో ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూస్తే ఆ సెంటీమీటరు విలువ తెలుస్తుంది. పెద్దవాళ్ల తొడ కొలతకు చేసిన సీటులో నాలుగేళ్ల పిల్లాడు వీపు ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దాకా రావు. కాళ్లు చాపి ఉంచలేక ముందుకు జరుగుతాడు. జరిగితేనే మోకాలు మడవగలడు. అంతే, వీపుకూ సీటుకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. నడుము జారుతుంది. తొడల మొదట్లో ఆనాల్సిన ల్యాప్ బార్ పొట్ట మీదికి వస్తుంది. రైడ్ గట్టిగా ఆగినప్పుడు పిల్లాడు ఆ బార్ కిందనుంచి ముందుకు జారిపోతాడు, లేదా దాని దెబ్బ ఎముక కాచుకోలేని మెత్తటి పొట్టకు తగులుతుంది. ఇద్దరికీ ఒకే బార్ ఉన్న సీట్లలో పరిస్థితి ఇంకా అధ్వానం. బార్ తండ్రి తొడమీద ఆగుతుంది. పక్కనున్న పిల్లాడి తొడకూ బార్‌కూ మధ్య గుప్పెడంత సందు. 'నేను పట్టుకుంటాగా' అనే ధీమా ఇక్కడ పుట్టేదే. రోలర్ కోస్టర్ పట్టా లోయలా దిగినచోట, దాని అడుగున ఒంటిమీద మూడు రెట్ల బరువు పడితే 12 కిలోల బిడ్డ ఆ చేతులకు 36 కిలోలవుతుంది. మరుక్షణం గుట్టమీద బరువే లేనట్టు పైకి తేలుతుంది. ఈ రెండింటి నడుమ పట్టు మార్చుకునే వ్యవధి ఏ తండ్రి చేతులకూ ఉండదు.

మెడ సంగతి మరీ ముఖ్యం. పెద్దవాళ్లలో తల మొత్తం ఎత్తులో ఏడో వంతో ఎనిమిదో వంతో. రెండేళ్ల బిడ్డలో ఐదో వంతు, ఆరేళ్లకు దాదాపు ఆరో వంతు. మోయాల్సిన తల పెద్దది, మోసే కండరం లేతది. పెద్దవాళ్లకు కాస్త కుదుపనిపించింది పసివాళ్ల మెడకు కొరడా దెబ్బ. ఒడిలో పసిబిడ్డను పెట్టుకుని కుదుపుల రైడ్ ఎక్కేవారిని చూస్తే కోపం రావడం సహజం. మాకు వస్తోంది.

'ఒక్కసారికి ఏమవుతుందిలే' అన్న మాట ఎక్కడిదాకా తీసుకెళ్తుందో మూడు ఉదంతాలు చెబుతాయి. అమెరికాలోని కాన్సస్ సిటీలో 2014లో తెరిచిన 'వెరూక్ట్' నీటి జారుడు ఎత్తు 51 మీటర్లు. మొదట ప్రకటించిన 14 ఏళ్ల కనీస వయసును తర్వాత ఎత్తేసి, ఎత్తు నిబంధన మాత్రం ఉంచారు. 2016 ఆగస్టు 7న దానిమీద పదేళ్ల బాలుడు చనిపోయాడు. ఎత్తు సరిపోయింది. తెప్పలోని ముగ్గురి మొత్తం బరువు కూడా పరిమితిలోనే ఉంది. కానీ 33 కిలోల పిల్లాడు ముందు, పెద్దవాళ్లిద్దరు వెనక. తెప్ప గాల్లోకి లేచింది. కర్ర దాటినంత మాత్రాన రైడ్ బిడ్డకు తగినదైపోదు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఒక నిబంధన వదిలేస్తే మిగిలినవి ఆ బరువు మోయలేవనడానికి కూడా.

2021 సెప్టెంబరులో కొలరాడోలో, చీకటి గుంతలోకి 110 అడుగులు పడే రైడ్‌లో ఆరేళ్ల బాలిక ప్రాణం పోయింది. ముందు విడత తర్వాత విప్పకుండా ఉండిపోయిన బెల్టుల మీదే పాప కూర్చుంది. ఒంటికి బెల్టు లేదు. యంత్రం తేడా ఉందని హెచ్చరించింది. దాని అర్థం తెలియని సిబ్బంది హెచ్చరికను రీసెట్ చేసి రైడ్ వదిలారని ప్రభుత్వ విచారణ తేల్చింది. 2022 మార్చి 24న ఓర్లాండోలో 14 ఏళ్ల కుర్రాడు టవర్ రైడ్ నుంచి జారిపడ్డాడు. అతను కూర్చున్న సీటులో సెన్సర్‌ను చేత్తో సర్దినందువల్ల బిగింపు మామూలు కన్నా దాదాపు రెట్టింపు తెరుచుకుని ఉన్నా 'అంతా సరే' అన్న దీపం వెలిగిందని నిపుణుల నివేదిక చెప్పింది. వయసులు వేరు, యంత్రాలు వేరు. మూడింటిలోనూ ఉన్నది అదే సర్దుబాటు బుద్ధి. బూట్లో అట్టముక్కకూ, సెన్సర్ సర్దడానికీ తేడా పరిమాణంలోనే తప్ప స్వభావంలో లేదు.

మరి నిర్ణయం ఎలా తీసుకోవాలి? మొదట ఇంట్లోనే కొలవండి. బూట్లు విప్పి, మడమలు గోడకు ఆనించి, తలమీద అడ్డంగా పుస్తకం పెట్టి గీత గీయండి. పొద్దున లేచినప్పటి ఎత్తు సాయంత్రానికి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా తగ్గుతుందని గుర్తుంచుకోండి. వెన్నుపూసల మధ్య మెత్తలు రోజంతా నలుగుతాయి. పొద్దున బొటాబొటిగా దాటిన పిల్లాడు సాయంత్రం మరో గేటు దగ్గర ఆగిపోతే అది సిబ్బంది పక్షపాతం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం సగటున మూడేళ్లకు 95, 96 సెంటీమీటర్లు, నాలుగేళ్లకు 103, ఐదేళ్లకు 110, ఏడేళ్లకు 121 ఉంటారు. రైడ్ బోర్డుల మీద తరచూ కనిపించే 102, 107, 122 అంకెలను వీటి పక్కన పెట్టి చూసుకుంటే, ఈ ఏడాది దేనికి ఆశ పెట్టాలో, దేనికి పెట్టకూడదో బయల్దేరకముందే తెలిసిపోతుంది. వయసుకు మించి పొడుగైన పిల్లలతో మరింత జాగ్రత్త అవసరం. మూడేళ్ల బుద్ధితో ఐదేళ్ల ఎత్తున్నవాణ్ని కర్ర ఆపదు. ఆపాల్సింది మీరే.

బోర్డు మీద ఒక అంకె కాదు, రెండు మూడు ఉంటాయి. ఒంటరిగా ఎక్కడానికి ఒకటి, పెద్దవాళ్ల తోడుతో ఒకటి. చిన్నపిల్లల రైడ్లకు పై పరిమితి కూడా ఉంటుంది. తోడు అంటే ఎంత వయసువారో కూడా చదవండి. ఎనిమిదేళ్ల అక్క తోడు కాదు. ఎక్కేముందు బయటినుంచి రెండు విడతలు పూర్తిగా చూడండి. మీ బిడ్డంత ఉన్న పిల్లలు ఎలా కూర్చున్నారు, మలుపులో వాళ్ల తల ఎటు ఊగుతోంది, బార్ ఎక్కడ ఆనింది, దిగేటప్పుడు మొహాలు ఎలా ఉన్నాయి. ఎక్కే వైపు నిలబడితే ఉత్సాహమే కనిపిస్తుంది. దిగే వైపు నిలబడితే నిజం తెలుస్తుంది.

సీటులో కూర్చోబెట్టాక నడుము వెనక్కి ఆనిందా, పాదాలకు ఆధారం ఉందా, కడ్డీ పట్టుకుంటే మోచేతులు కాస్త వంగి ఉన్నాయా చూడండి. బార్ తొడల మొదట్లో ఆనాలి. సిబ్బంది లాగి చూశాక మీరూ ఒకసారి పైకి లాగండి. ఏది కుదరకపోయినా చెయ్యెత్తి దిగిపోండి. రైడ్ కదలకముందు దిగిన తల్లిని ఏ పార్కూ శిక్షించలేదు. గిర్రున తిరిగే రైడ్లలో పెద్దవారు బయటి అంచున, పిల్లలు లోపల కూర్చోవాలి. తిరుగుడు అందరినీ బయటివైపు నెడుతుంది కాబట్టి, తారుమారైతే పెద్దవాళ్ల బరువంతా పసివాడి మీద పడుతుంది. గో కార్టుల్లో సీటు వెనక ఇరుసు తిరుగుతుంటుంది. పొడవాటి జుట్టు, మెడచుట్టూ వేలాడే గుడ్డ అక్కడ ఉండకూడదు.

చిన్న రైడ్ కదా అన్న అలుసూ పనికిరాదు. మామూలు జారుడుబండ మీద రెండేళ్ల లోపు బిడ్డను ఒళ్లో పెట్టుకుని జారడం భద్రమనుకుంటాం. కానీ బిడ్డ బూటు పక్క అంచుకు పట్టుకుంటే, వెనకున్న పెద్దవాళ్ల బరువు ఆగదు. మోకాలి కింది ఎముక మెలిపడి విరుగుతుంది. పిల్లల వైద్యులు పదేపదే చూసే దెబ్బ ఇది. ఒంటరిగా వదిలి, పక్కన నడిచి, కింద అందుకోవడమే మేలు. అంత చిన్నబిడ్డ ఒంటరిగా జారలేకపోతే, ఆ జారుడుబండ ఆ బిడ్డది కాదు.

గుండె సమస్య, మూర్ఛ, ఈమధ్యే జరిగిన శస్త్రచికిత్స ఉన్న పిల్లల విషయంలో, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మెడ పూసల విషయంలో డాక్టరును ముందే అడగాలి. ఇది కొత్త సంగతి కాదు గనుక ఇంతటితో ఆపుతాం.

భయం మాత్రం వేరే లెక్క. పెద్దవాళ్లు భయపడితే కడ్డీని గట్టిగా పట్టుకుంటారు. నాలుగేళ్ల పిల్లాడు భయపడితే దిగిపోవాలని చూస్తాడు. బార్ కిందనుంచి కాలు తీస్తాడు, లేచి తల్లివైపు తిరుగుతాడు. రైడ్ మధ్యలో ఆగితే అయిపోయిందనుకుంటాడు. ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి తల వెనక్కి, చేతులు కడ్డీకి, 'అన్న వచ్చి తీసేదాకా లేవకూడదు' అని రెండు నిమిషాలు ఆడించి చూడండి. ఆ రెండు నిమిషాలూ కదలకుండా ఉండలేనివాడు రైడ్‌లో ఉంటాడని ఎలా అనుకుంటారు? ఏడుస్తుంటే బుజ్జగించి ఎక్కించడం, పిరికివాడివా అని రెచ్చగొట్టడం ధైర్యం నేర్పడం కాదు. వద్దన్న బిడ్డ మాటే అక్కడ ఆఖరి మాట కావాలి.

పార్కుల విషయానికొస్తే, వాటి తీరు నవ్వు తెప్పిస్తుంది. గేటు పక్కన 'పిల్లల భద్రత తల్లిదండ్రులదే' అని పెద్ద అక్షరాల బోర్డు. పక్కనే అరిగిపోయిన కొలత కర్ర. దానికి కాపలా ఒక్క కుర్రాడు. వరుస ఆగితే పైవాళ్లు వాణ్ని తిడతారు, పిల్లాణ్ని ఆపితే కింది వాళ్లు తిడతారు. బాధ్యత బోర్డుకు అప్పగించి, డబ్బు తీసుకునేది పార్కు. ప్రవేశద్వారం దగ్గరే బూట్లు విప్పించి ఒకసారి కొలిచి, రంగు పట్టీ చేతికి కట్టి, బొటాబొటి ఎత్తున్నవారిని రైడ్ దగ్గర మళ్లీ కొలిస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది. ఆపిన ఉద్యోగిని వెనకేసుకొచ్చే పైఅధికారి ఉంటే మిగతా సగం. ఒకడు బెదిరించాడని ఒక్కసారి తలుపు తెరిచే పార్కు, ఆ రోజు నుంచి కర్రను అలంకారానికి పెట్టుకున్నట్టే.

ఇక అట్టముక్కల తల్లిదండ్రులకు. ఆ గేటు దగ్గర మీరు అరిచేది రోజంతా ఎండలో నిలబడే ఇరవయ్యేళ్ల కుర్రాడి మీద. మీ బిడ్డ పేరు కూడా తెలియనివాడు మీ బిడ్డను కాపాడాలని చూస్తుంటే, పేరు పెట్టిన మీరు బూట్లో అట్ట పెట్టి పంపుతున్నారు. పైగా అదంతా బిడ్డ చూస్తుండగానే. ఆ అట్ట తీసేయండి. ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పి, వరుసలోంచి బయటికి రండి.