ఇన్‌ఛార్జి పాలనలో గ్రంథాలయాలు

విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుడి కుర్చీ ఖాళీ అయితే భర్తీ చేయాలన్న తొందర ఎవరిలోనూ కనిపించదు. ఏదో ఒక శాఖ ఆచార్యుడికి ‘అదనపు బాధ్యత’ అప్పగిస్తూ ఉత్తర్వు వెలువడుతుంది. తరగతులు, పరిశోధక విద్యార్థులు, పరీక్షల పని అయ్యాక ఆయన వచ్చి దస్త్రాల మీద సంతకాలు పెట్టి వెళ్తారు. ఒక ఇన్‌ఛార్జి పోతే మరో ఇన్‌ఛార్జి వస్తారు. గ్రంథాలయం తలుపులు తెరిచే ఉంటాయి కాబట్టి జరుగుతున్న నష్టం ఎవరి కంటా పడదు.

ఆ నష్టం ఇప్పుడు మరింత పెరిగింది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించి, మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పరిశోధన పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. చిన్న పట్టణంలోని ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలికి ఇది నిన్నటిదాకా ఊహకందని సంపద. కానీ లాగిన్ ఇప్పించాలి, వెతకడం నేర్పాలి, ఏ శాఖ ఏ పత్రికను తెరవడమే లేదో లెక్క చూడాలి. ఈ పథకం వల్ల విడి చందాల్లో మిగిలే సొమ్ము తెలుగు పుస్తకాలకు దక్కేలా ఆర్థిక అధికారులతో వాదించాలి. వీలు దొరికినప్పుడు వచ్చిపోయేవారికి ఇదంతా ఎలా కుదురుతుంది? తప్పు వారిదనీ మేము అనడం లేదు.

భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ కూడా గణితం బోధించిన అధ్యాపకుడే. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా చేరి, కొద్దిరోజులకే విసిగి పాత కొలువుకు పోతానన్నారు. ఆ విశ్వవిద్యాలయం ఆయనను లండన్‌కు పంపి చదివించింది. తిరిగొచ్చాక రెండు దశాబ్దాల పాటు గ్రంథాలయాన్ని ఆయన చేతుల్లోనే ఉంచింది. పాఠకుడు నేరుగా బీరువాల దగ్గరికి వెళ్లి పుస్తకం తీసుకునే పద్ధతి అక్కడ పాదుకొన్నది అందువల్లే. ఏ శాఖ నుంచి వచ్చారన్నదానికంటే పూర్తి సమయం, నిర్ణయాధికారం ఇచ్చారా లేదా అన్నదే ముఖ్యం.

మనకు మనుషుల కొరత కూడా లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా మొదలుపెట్టింది. గ్రంథపాలకుడికి పీహెచ్‌డీ, పదేళ్ల అనుభవం, వినూత్న సేవలు అందించిన దాఖలా ఉండాలని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. నిబంధన ఉంది, చదువుకున్నవారున్నారు, నియామకమే లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ పోస్టులకు విడిగా నోటిఫికేషన్ ఇవ్వాలి. ‘అదనపు బాధ్యత’ ఉత్తర్వులో గడువు తేదీ రాయాలి. అకడమిక్ కౌన్సిల్‌లో గ్రంథపాలకుడి మాటకు విలువ ఉండాలి. తెల్లవారకముందే రీడింగ్ రూమ్ ముందు సంచులతో వరుస కట్టే గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థులకు కుర్చీ దొరుకుతోంది. చదివే పుస్తకాన్ని మాత్రం ఇంకా వారే ఇంటి నుంచి మోసుకొస్తున్నారు.