లార్డ్స్‌కు మా ఊరి మైదానం తీసిపోతుందా?

లండన్‌లోని లార్డ్స్ మైదానం క్రికెట్‌కు పుట్టినిల్లని ప్రపంచమంతా దండం పెడుతోంది. పెట్టనివ్వండి. కావలి దగ్గర మా ఊరి మైదానాన్ని చూడనివాళ్లు ఇంతకన్నా ఏం చేస్తారు?

లార్డ్స్ గొప్పల్లో మొదటిది వాలు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సుమారు 2.5 మీటర్ల పల్లం. పెవిలియన్ వైపు నుంచి వేసిన బంతి ఆ వాలుకు కుడిచేతి బ్యాటర్ మీదికి దూసుకొస్తుందని వ్యాఖ్యాతలు మురిసిపోతారు. ఆగ్నేయం పల్లమైతే ఇంటికి అరిష్టమని వాళ్లకు చెప్పేవాడే లేకపోయాడు. మాది చక్కగా ఈశాన్యం పల్లం, చెరువు వైపు. ఇక్కడ బంతి లోపలికీ రాదు, బయటికీ పోదు, తిన్నగా నీళ్లలోకి పోతుంది. మొన్నటి బహిరంగ సభకు పందిరి గుంజలు పాతిన గుంతలు అదనం. వాటిలో పడిన బంతి ఎటు తిరుగుతుందో స్పిన్ మాంత్రికుడు షేన్ వార్న్‌కు కూడా అంతుపట్టేది కాదు.

తొలినాళ్లలో లార్డ్స్‌లో గడ్డిని గొర్రెలే మేసి చదును చేసేవి. తర్వాత యంత్రాలొచ్చి ఆ సంప్రదాయాన్ని మింగేశాయి. మేము వదల్లేదు. నెల్లూరు జాతి గొర్రెలు దేశంలోకెల్లా ఎత్తైనవని పేరు. అవి బ్యాటర్ వెనక పక్కగా, స్లిప్ ఫీల్డర్ ఉండాల్సిన చోట నిలబడి నెమరు వేస్తుంటే బ్యాటర్‌కు ఏకాగ్రత ఎక్కడిది? "అబ్బాయిలూ, బంతి తగిలి ఏదైనా పడిందంటే మాంసం ధర కట్టించుకుంటా" అని కాపరి కట్ట మీద నుంచి కేకేస్తాడు. అంపైర్ కన్నా ఆయన మాటకే విలువ ఎక్కువ.

ఇక చరిత్ర. లార్డ్స్‌కు ఆ పేరు తెచ్చిన టామస్ లార్డ్ 1787లో తొలి మైదానం తెరిచాడు. అక్కడి నుంచి కదిలాడు. రెండో మైదానం కాలువ తవ్వకానికి అడ్డొచ్చింది. 1814లో ఇప్పటి చోటికి చేరాడు. పోయిన చోటికల్లా గడ్డి మట్టితో సహా పెళ్లగించి మోసుకెళ్లాడట. మా మొదటి మైదానం రొయ్యల గుంట అయింది. అక్కడి నుంచి మేము స్టంపులు తెచ్చుకున్నాం, అవీ రెండే.

అసలు ముచ్చట 1825లో జరిగింది. టామస్ లార్డ్ గారికి ఆ స్థలంలో ఇళ్లు కట్టాలని బుద్ధి పుట్టింది! ఆయన పుట్టింది యార్క్‌షైర్‌లో అంటారు గానీ, నాకు మాత్రం మన జాతీయ రహదారి పక్కన వెంచర్ వేసిన మనిషిలాగే కనిపిస్తాడు. 1820లో అదే మైదానంలో 278 పరుగులు చేసిన విలియం వార్డ్ 5,000 పౌండ్లు ఇచ్చి లీజు కొనేశాడు కాబట్టి ఆట మిగిలింది. ఆయన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ డైరెక్టరు కూడా.

మా మైదానంలో సున్నం పూసిన సర్వే రాళ్లు అప్పుడే లేచాయి. కెప్టెన్ ఫీల్డర్లను ప్లాటు నంబరు చెప్పి నిలబెడుతున్నాడు. పిచ్ 66 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. నెల్లూరు లెక్కలో అంకణం 36 చదరపు అడుగులు గనుక 18 అంకణాల పైచిలుకు. డబ్బున్న బ్యాటర్లు ఎవరైనా ముందుకొస్తే ఆ మేరకైనా కొనిపెట్టమని మనవి. ఈశాన్యం పల్లం కదా, రేటు కాస్త ఎక్కువే చెబుతున్నారు.