గుంటలో ఖైదీలు, గట్టు మీద బ్యాండు

సోవియట్ సర్కారు ఫొటో పత్రిక 'యుఎస్ఎస్ఆర్ ఇన్ కన్‌స్ట్రక్షన్' పాత పేజీలు ఎవరో ఒకరు షేర్ చేయడం, కింద "అబ్బ, ఏం లేఅవుట్ అండీ!" అంటూ డిజైన్ పండితులు బారులు తీరడం మళ్లీ మొదలైంది. నిజమే, కాదనలేం. 1930లో రచయిత గోర్కీ చలవతో మొదలైన పత్రిక, రష్యన్‌తోపాటు ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్‌లలో అచ్చయ్యేది, తెల్లదొరలు చూసి ముక్కున వేలేసుకోవాలి కాబట్టి ఖర్చుకు వెనకాడలేదు. (మన నోటుపుస్తకాలకు అట్టలైన 'సోవియట్ భూమి' కూడా ఈ వంశమే. ఓ పట్టాన చిరిగేది కాదు, మహాతల్లి!)

వీళ్లంతా కళ్లకద్దుకునేది 1933 డిసెంబర్ సంచిక. అందులో కథంతా తెల్లసముద్రాన్ని బాల్టిక్‌తో కలిపే 227 కిలోమీటర్ల కాలువ గురించే, 20 నెలల్లో పూర్తి, ఫొటోలూ కూర్పూ సోవియట్ ఫొటోగ్రాఫర్, డిజైనర్ రోద్చెంకో. తవ్వింది లక్షమందికి పైగా ఖైదీలు, పారలతో, గునపాలతో, చెక్క తోపుడుబళ్లతో. అక్కడ రోద్చెంకో తీసిన ఒక ఫొటో ఉంది: కింద రాళ్లగుంటలో ఖైదీలు పనిచేస్తుంటే పక్కన బ్యాండు వాయిస్తున్నారు. ఏం పాటో మరి. జోలపాట అయితే కాదు, పని ఆగిపోతుంది. హుషారైన మార్చే అయ్యుంటుంది, డ్రమ్ము మీద దెబ్బ పడినప్పుడల్లా గునపం దెబ్బ పడాలి, బాకా ఊదేవాడి బుగ్గలు ఉబ్బాలి, బండి తోసేవాడి డొక్కలు లోపలికి పోవాలి, రెండూ ఒకే ఫ్రేములో పట్టాలి, ఈలోగా ఎవడైనా దగ్గాడో, పాట పాడైపోదూ! ఆ పూట చేయాల్సిన పని తగ్గితే తిండి కూడా తగ్గించేవాళ్లు. ఇది మాత్రం నేను సరదాకి కల్పించింది కాదు.

దొంగలు చెమటోడ్చి మంచివాళ్లయిపోయారని ఆ సంచిక మురిసిపోయింది. దొంగలా? పొలాలు లాక్కుని, కుటుంబాల నుంచి పీకి తెచ్చిన రైతులెంతమంది లేరందులో! వాళ్లేం మారాలయ్యా, గోధుమలు పండించినందుకా? సర్కారు లెక్కల ప్రకారమే సుమారు 12 వేల మంది చచ్చారు అక్కడ. ఆ ఏడాదే ఉక్రెయిన్‌లో లక్షలమంది తిండిలేక రాలిపోయారు, వాళ్ల దగ్గరకీ ఓ బ్యాండు పంపాల్సింది, సిగ్గులేని మనుషులు!

ఇంతా చేస్తే కాలువ లోతు మూడున్నర మీటర్లు. పెద్ద ఓడలు పట్టవు. 1933 జూలైలో స్టాలిన్ గారి స్టీమరు మాత్రం వెళ్లొచ్చింది. ఫొటోకి అది చాలు.